ఒరలో దాచిన నిజం: ‘మో దావో జు షీ’లో వస్తువులే ఎందుకు నోరు విప్పుతాయి?

క్లుప్తంగా: చైనా యానిమేషన్ ధారావాహిక ‘మో దావో జు షీ’లో పాత్రల మనసులోని మాట చాలావరకు సంభాషణల్లో దొరకదు, కత్తి, వేణువు, సూప్ గిన్నె, నుదుటి పట్టీ వంటి వస్తువుల ద్వారా బయటపడుతుంది. చైనా కవిత్వంలో వేళ్లూనుకున్న సంకేతాలు ఇందుకు ఒక కారణమైతే, ఆన్‌లైన్ కార్యక్రమాలపై 2017లో వచ్చిన నిబంధనలు మరో కారణం. ఈ వ్యాసం కథ ముగింపును కూడా చర్చిస్తుంది కాబట్టి, ఇంకా చూడనివారు ఆ సంగతి గమనించి చదవడం మంచిది.

ఈ ధారావాహికను మొదటిసారి చూసేవారిలో చాలామందికి ఎదురయ్యే చిక్కు ఒకటుంది. చివరి భాగంలో జ్యాంగ్ చెంగ్ అనే యువ వంశాధిపతి చేతికి ఎవరో ఒక పాత కత్తిని అందిస్తారు. అతడు దాన్ని ఒరలోంచి లాగుతాడు. కత్తి సులువుగా బయటికి వస్తుంది. అంతే, అతడి ముఖంలో నెత్తురు చుక్క ఉండదు. యుద్ధాలు, మరణాలు, ప్రేతాల నడుమ సాగే కథలో, ఒక కత్తి ఒర నుంచి జారడం అన్నిటికన్నా పెద్ద ఘట్టం ఎందుకైందో ఆ క్షణంలో అర్థం కాకపోతే, అది ప్రేక్షకుల లోపం కాదు. దానికి కావలసిన ఆధారాలన్నీ ఎన్నో ఎపిసోడ్ల ముందే చూపించి, వాటి అర్థాన్ని మాత్రం దాచిపెట్టడం ఈ కథనపు పద్ధతి.

కథ, దాని పుట్టుక

మో శ్యాంగ్ తోంగ్ శ్యూ అనే కలం పేరుగల రచయిత్రి 2015–16లో జిన్‌జ్యాంగ్ అనే చైనా సాహిత్య వెబ్‌సైటులో ధారావాహికగా రాసిన నవల దీనికి మూలం. చైనా వీడియో వేదిక అయిన టెన్సెంట్ వీడియోలో యానిమేషన్ రూపం 2018 జులైలో 15 ఎపిసోడ్లతో మొదలై, 2019లో 8, 2021లో 12 ఎపిసోడ్లతో పూర్తయింది. నటీనటులతో తీసిన 50 ఎపిసోడ్ల రూపం 2019లో వచ్చి, చైనా బయట ఈ కథను ఇంకా ఎక్కువమందికి చేర్చింది.

కథలో లాన్, జ్యాంగ్, జిన్, న్యె, వెన్ అనే ఐదు పెద్ద వంశాలు ఉంటాయి. సాధనతో మానవాతీత శక్తులు సంపాదించడం వీటి వృత్తి. అనాథగా వీధిలో తిరుగుతున్న వెయ్ వూష్యెన్‌ను జ్యాంగ్ వంశాధిపతి తన ఇంటికి, అంటే యున్‌మెంగ్‌లోని ‘తామర రేవు’కు తెచ్చి, సొంత పిల్లలు జ్యాంగ్ యెన్‌లీ, జ్యాంగ్ చెంగ్‌లతో సమానంగా పెంచుతాడు. వెన్ వంశం ఆ ఇంటిని తగలబెట్టి పెద్దల్ని చంపుతుంది. తర్వాత జరిగిన యుద్ధంలో వెయ్ వూష్యెన్ కత్తిని పక్కన పెట్టి, వేణువుతో శవాలను నడిపించే నిషిద్ధ విద్యను పట్టుకుంటాడు. యుద్ధం గెలిచాక అదే విద్య అతడిని లోకశత్రువుగా మారుస్తుంది. అతడు చనిపోయిన 13 ఏళ్లకు మో ష్వెన్‌యూ అనే యువకుడు తన శరీరాన్నే అర్పించి అతడి ఆత్మను పిలుస్తాడు.

పరకాయ ప్రవేశం కథలు తెలిసిన తెలుగువారికి ఇది కొత్తగా అనిపించకపోవచ్చు. తేడా మాత్రం గమనించదగ్గది. శంకరాచార్యులు అమరుక రాజు దేహంలో ప్రవేశించిన కథలో ప్రవేశించేవాడిదే నిర్ణయం. ఇక్కడ శరీరం ఇచ్చినవాడు కోరి పిలిచాడు, వచ్చినవాడికి రావాలన్న కోరికే లేదు. బతికి ఉన్నప్పుడు ఒక సాటిలేని దానం చేసినవాడు, చచ్చాక మరొకరి దానంగా తిరిగి వస్తాడు. కథ మొదట్లోనే వచ్చే ఈ సమరూపత చివరిదాకా చూస్తే తప్ప కనబడదు.

స్వర్ణ గుళిక అంటే ఏమిటి

కత్తి ఘట్టం అర్థం కావాలంటే ముందు ‘జిన్‌దాన్’ అనే మాట తెలియాలి. జిన్ అంటే బంగారం, దాన్ అంటే మందుగుళిక; స్వర్ణ గుళిక అనుకోవచ్చు. ప్రాచీన చైనాలో తావో సాధకులు ఇంగిలీకం, పాదరసం వంటి ఖనిజాలను కొలుముల్లో పుటం పెట్టి, మరణం లేకుండా చేసే గుళిక కోసం ప్రయత్నించారు. భారతదేశపు రసవాదులు పాదరసంతో చేసిన ప్రయోగాలకు ఇది దగ్గరి చుట్టం. అలాంటి మందులు మింగి తాంగ్ వంశపు చక్రవర్తులు కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారని చరిత్రకారులు చెబుతారు. కాలక్రమంలో ఈ విద్య కొలిమి నుంచి దేహంలోకి మారింది. శరీరమే కొలిమి, శ్వాసే నిప్పు, నాభి కింది చోటే గుళిక తయారయ్యే క్షేత్రం అన్న భావన బలపడింది.

నేటి చైనా ఫాంటసీ కథలు ఈ భావనను దాదాపు ఒక అవయవంగా మార్చేశాయి. ‘మో దావో జు షీ’లో స్వర్ణ గుళిక చిన్న వయసు నుంచి సాధన చేస్తే కడుపులో ఏర్పడేది. అది ఉంటే కత్తి మాట వింటుంది, గాయాలు త్వరగా మానతాయి. పోయినా మనిషి బతుకుతాడు, కానీ సాధకుడిగా అతడి జీవితం ముగిసినట్టే. వెన్ వంశపు సేవకుడు వెన్ జూల్యూకు ఈ గుళికను చేతి స్పర్శతో కరిగించే శక్తి ఉంటుంది. తామర రేవు కాలిపోయిన రోజుల్లో అతడి చేతికి చిక్కిన జ్యాంగ్ చెంగ్ తన గుళికను పోగొట్టుకుంటాడు. తిండి మానేసి, పగ తీర్చుకునే దారి లేక, చావు కోసం ఎదురుచూస్తున్న అతడితో వెయ్ వూష్యెన్ ఒక మాట చెబుతాడు: కొండ మీద ఒక సిద్ధురాలు ఉంది, పోయిన గుళికను ఆమె తిరిగి ఇస్తుంది, కళ్లకు గంతలు కట్టుకుని వెళ్లాలి, ఎవరని అడిగితే వెయ్ వూష్యెన్ అని చెప్పాలి.

జ్యాంగ్ చెంగ్ వెళ్లి వస్తాడు. అతడి శక్తి తిరిగి వస్తుంది. కథ ముందుకు సాగిపోతుంది. ప్రేక్షకులు కూడా ఆ సిద్ధురాలి మహిమను ఫాంటసీ కథల్లో సహజమేనని నమ్మి వదిలేస్తారు. ఇదే ఈ కథనంలోని అసలు నేర్పు. అద్భుతాలు మామూలైన లోకంలో ఒక అబద్ధాన్ని అద్భుతం వేషంలో దాచితే ఎవరూ వెతకరు.

ఒకే కత్తి, రెండు సాక్ష్యాలు

వెయ్ వూష్యెన్ కత్తి పేరు స్వీబ్యెన్. ఆ మాటకు ‘ఏదైనా సరే’ అని అర్థం. కత్తికి ఏం పేరు పెడతావని జ్యాంగ్ వంశాధిపతి అడిగితే, ఏదైనా సరేనని కుర్రవాడు చెప్పిన జవాబే పేరుగా నిలిచింది. మొదట ఇది హాస్యం. యుద్ధం తర్వాత అతడు ఆ కత్తిని వెంట తెచ్చుకోవడం మానేసినప్పుడు అది వివాదం. సభలకు కత్తి లేకుండా రావడం సాధకుల మర్యాదకు విరుద్ధం. నిషిద్ధ విద్య వచ్చాక కళ్లు నెత్తికెక్కాయని లోకం అనుకుంటుంది. అతడు కూడా నవ్వుతూ ఆ అభిప్రాయాన్నే పెంచి పోషిస్తాడు, ఎందుకంటే గర్విష్ఠి అనిపించుకోవడం అతడికి నిజం బయటపడడం కన్నా నయం.

అతడు చనిపోయాక ఆ కత్తి తనను తానే మూసుకుంటుంది. యజమాని తప్ప మరెవరూ దాన్ని ఒర నుంచి లాగలేరు. ఈ నియమం మీద కథ రెండు సార్లు నిలబడుతుంది. మొదటిసారి, మారువేషంలాంటి కొత్త దేహంలో ఉన్న వెయ్ వూష్యెన్ జిన్ వంశపు భవనంలో దొరికిన స్వీబ్యెన్‌ను అనాలోచితంగా లాగుతాడు. అది బయటికి రావడమే అతడెవరో పదిమంది ముందు చాటుతుంది. అక్కడ కత్తి నేరస్థుడిని పట్టించిన సాక్షి. రెండోసారి, తామర రేవులో వెన్ వంశపు యువకుడు వెన్ నింగ్ అదే కత్తిని జ్యాంగ్ చెంగ్ ముందు చాచి, లాగమంటాడు. అది లాగడానికి వచ్చిందంటే కత్తి అతడిలో తన యజమానిని గుర్తుపట్టిందని అర్థం. అతడి కడుపులో ఉన్న గుళిక అతడిది కాదు.

ఆ తర్వాత వెన్ నింగ్ చెప్పేది పొడి వాస్తవాలు. కొండ మీద సిద్ధురాలు లేదు. ఉన్నది తన అక్క, వైద్యురాలు వెన్ చింగ్. వెయ్ వూష్యెన్ కడుపు కోసి, గుళికను తీసి, జ్యాంగ్ చెంగ్‌కు అమర్చింది ఆమె. గుళిక చెడకుండా ఉండాలంటే ఇచ్చేవాడు పూర్తి మెలకువలో ఉండాలి. నెగ్గే అవకాశం సగానికి సగం. ఈ మాటలు ఎవరి నోట వస్తున్నాయో కూడా చూడాలి. వెన్ నింగ్ బతికి ఉన్నప్పుడు నత్తి, పిరికితనం ఉన్న కుర్రవాడు. చచ్చాక కవళికలు పలకని నడిచే శవం. కోపం, కన్నీళ్లు చూపలేని ముఖంతో, కథలో అన్నిటికన్నా భారమైన నిజాన్ని చెప్పించడం వల్ల, ఉద్వేగమంతా వినేవాడి వైపు ఒరుగుతుంది. నవలలో జ్యాంగ్ చెంగ్ పిచ్చిపట్టినవాడిలా ఎదురైన ప్రతివాడి చేతిలోనూ కత్తి పెట్టి లాగమంటాడు. ఒక్కరికైనా కత్తి ఊడివస్తే వెన్ నింగ్ మాట అబద్ధమని తేలుతుంది, తాను రుణగ్రస్తుడు కాకుండా పోతాడు. ఎవరి వల్లా కాదు.

జ్యాంగ్ చెంగ్ సొంత కత్తి పేరు సాన్‌దూ, అంటే ‘మూడు విషాలు’. ఇది బౌద్ధం నుంచి చైనాకు వెళ్లిన భావన. రాగం, ద్వేషం, మోహం అనే మూడూ మనిషిని కట్టిపడేసే విషాలని బౌద్ధం చెబుతుంది. తమ్ముడి వరసవాడు విషాల పేరుగల కత్తిని జీవితాంతం మోస్తుంటే, అన్న వరసవాడు ‘ఏదైనా సరే’ అన్న కత్తిని కూడా వదులుకున్నాడు.

చెప్పకుండా మిగిలిన సగం

ఇంతవరకే ఉంటే ఇది ఒకరి త్యాగం, మరొకరి కృతఘ్నత అన్న కథ అయ్యేది. చివర్లో రచయిత్రి ఇంకో తెర తీస్తుంది. జ్యాంగ్ చెంగ్ ఆనాడు శత్రువుల చేతికి ఎందుకు చిక్కాడు? తల్లిదండ్రుల శవాల కోసం మూర్ఖంగా వెనక్కి వెళ్లాడనే అందరూ అనుకుంటారు, వెయ్ వూష్యెన్ కూడా అలాగే నమ్ముతాడు. నిజానికి వీధిలో తిండి కొంటున్న వెయ్ వూష్యెన్ వైపు వెన్ సైనికులు వస్తుండగా చూసి, వారి దృష్టి మళ్లించడానికి అతడే ఎదురుగా పరుగెత్తాడు. అంటే గుళికను ముందు పణంగా పెట్టినవాడు జ్యాంగ్ చెంగ్.

ఈ సంగతి ప్రేక్షకులకు తెలుస్తుంది. వెయ్ వూష్యెన్‌కు తెలియదు, ఎప్పటికీ తెలియదు. చెప్పాలనుకుని జ్యాంగ్ చెంగ్ నోరు మెదపబోయి ఆగిపోతాడు. సాధారణంగా ఇలాంటి కథల్లో రహస్యం బయటపడితే అపార్థం తొలగి బంధం అతుక్కుంటుంది. ఇక్కడ నిజాన్ని పంచడంలోనే అసమానత ఉంది. ఒకడికి రుణం తెలిసింది, రెండోవాడికి తెలియలేదు, లెక్క మాత్రం సరిసమానం. ఆ లెక్క చూడగలిగింది బయట కూర్చున్న ప్రేక్షకుడొక్కడే. అభిమానుల్లో జ్యాంగ్ చెంగ్ మీద ఇన్నేళ్లయినా తెగని వాదన సాగడానికి కారణం ఈ నిర్మాణమే తప్ప, పాత్ర స్వభావంలోని అస్పష్టత కాదు.

తామర దుంప, దాని దారం

జ్యాంగ్ వంశపు చిహ్నం తొమ్మిది రేకుల తామర. బురదలో పుట్టినా మరక అంటని పువ్వుగా తామరను 11వ శతాబ్దపు తత్త్వవేత్త జౌ దున్‌యీ కీర్తించాడు. పంకజమన్న మాట ఉన్న భాషలో ఇది వేరే వివరించనక్కర్లేదు. అయితే ఈ ధారావాహికలో పువ్వు కన్నా దుంపకే ఎక్కువ పని ఉంది. అక్క యెన్‌లీ తమ్ముళ్లిద్దరికీ పంది పక్కటెముకలు, తామర దుంప ముక్కలు వేసి గంటల తరబడి సన్న మంట మీద ఉడికించిన సూప్ పోస్తుంది. చైనాలోని హుబెయ్ ప్రాంతంలో ఇది నేటికీ ఇళ్లలో చేసుకునే వంటకం. కథలోని యున్‌మెంగ్ పేరు ఆ ప్రాంతానిదే.

ఉడికిన దుంప ముక్కను కొరికి లాగితే, రెండు ముక్కల మధ్య సాలెపోగుల్లాంటి సన్నని దారాలు సాగుతాయి. దుంప విరిగినా పోగు తెగలేదన్న నానుడి చైనా భాషలో ఉంది. విడిపోయినా వదలని బంధాన్ని అలా చెబుతారు. పైగా తామరకు వాడే ‘ల్యెన్’, ‘జోడింపు’ అన్న అర్థంగల ‘ల్యెన్’ ఒకేలా పలుకుతాయి. దుంప అన్న మాట ‘జంట’ అన్న మాటలా వినిపిస్తుంది. చైనా ప్రేక్షకులకు ఆ గిన్నె కనబడగానే ఈ ధ్వనులన్నీ తడతాయి. తెలుగువారికి తామరతూడులోని దారం వేరే దారిలో పరిచయం. లలితా సహస్రనామంలో కుండలినిని ‘బిసతంతు తనీయసీ’ అంటారు, తామరతూడు పోగులా సన్ననిదని. అక్కడ దారం సూక్ష్మత్వానికి గుర్తు, ఇక్కడ తెగని మమకారానికి. ఒకే మొక్క, ఒకే పోగు అయినా, ఉపశీర్షికల్లో ‘సూప్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టినప్పుడు ఎంత జారిపోతుందో దీనితో ఊహించవచ్చు. అక్క చనిపోయాక ఆ సూప్ మళ్లీ ఎవరూ అలా చేయలేరు. ఆ లోటు గురించి కథలో పెద్ద పెద్ద మాటలేమీ రావు.

ఇలాంటి మరో చిన్న గుర్తు కుక్క. వెయ్ వూష్యెన్‌కు చిన్ననాడు వీధిలో కలిగిన భయం కారణంగా జ్యాంగ్ చెంగ్ పెంచుకున్న కుక్కలను ఇంటి నుంచి పంపేశారు. ఆ కోపం తీరాక, ఇకపై కుక్క కనబడితే నేను తరిమేస్తానని పసివాడు మాట ఇస్తాడు. ఏళ్ల తర్వాత, కొత్త దేహంలో ఉన్నది వెయ్ వూష్యెన్ అవునో కాదో తేల్చడానికి అదే జ్యాంగ్ చెంగ్ కుక్కను ఉసిగొల్పుతాడు.

రాగం, పట్టీ, పేరు

లాన్ వంశపు యువకుడు లాన్ వాంగ్జీ పాత్ర దగ్గర సంకేతాల భారం ఇంకా పెరుగుతుంది. దీనికి బయటి కారణం ఒకటుంది. మూల నవల వెయ్ వూష్యెన్, లాన్ వాంగ్జీ అనే ఇద్దరు పురుషుల మధ్య ప్రేమకథ. 2017 జూన్ 30న చైనా నెట్‌కాస్టింగ్ సేవల సంఘం ప్రకటించిన ఆన్‌లైన్ కార్యక్రమాల పరిశీలన నియమాలు స్వలింగ సంబంధాల చిత్రణను నిషిద్ధ అంశాల్లో చేర్చాయి. మరుసటి ఏడాది వచ్చిన యానిమేషన్ ఆ బంధాన్ని నేరుగా చెప్పలేదు. అయితే చెప్పలేనిదాన్ని మోయడానికి సంప్రదాయంలో కావలసినంత సామగ్రి సిద్ధంగా ఉంది.

ఏడు తీగల గూచిన్ వాద్యం లాన్ వాంగ్జీ ఆయుధం. ఈ వాద్యం పేరు వినగానే చైనావారికి బోయా, జోంగ్ జీచీల పాత కథ గుర్తొస్తుంది. తన వాద్యంలోని మాటను అర్థం చేసుకున్న ఒకే ఒక్క శ్రోత చనిపోతే, బోయా తీగలు తెంచేసి మళ్లీ వాయించలేదు. ఆత్మబంధువును ‘రాగం ఎరిగినవాడు’ అనడం అప్పటి నుంచి వాడుక. లాన్ వాంగ్జీ కథ దీన్ని తలకిందులు చేస్తుంది. అతడు తీగలు తెంచలేదు. ఆత్మలను ప్రశ్నించే రాగాన్ని 13 ఏళ్లు వాయిస్తూనే ఉన్నాడు, జవాబు రాలేదు. చివరికి గుర్తుపట్టింది కూడా రాగం వల్లనే. ఎప్పుడో ఒక గుహలో అతడు కూనిరాగంగా తీసిన పాటను, అప్పటికప్పుడు చెక్కిన మొరటు వెదురు పిల్లనగ్రోవి మీద ఎవరో అపశ్రుతులతో ఊదుతుంటే, ఆ పాట తెలిసిన మనిషి లోకంలో మరొకడే ఉన్నాడు కాబట్టి, ముఖం చూడనక్కర్లేకుండానే చేయి పట్టుకుంటాడు.

లాన్ వంశస్థుల నుదుటి తెల్ల పట్టీ నిగ్రహానికి గుర్తు. రాతి గోడ మీద 3,000కు పైగా నియమాలు చెక్కుకున్న ఇంటివారికి తగిన గుర్తే. ప్రాణానికి ప్రాణమైనవారి ముందు మాత్రమే ఆ నిగ్రహాన్ని సడలించవచ్చని వంశ మూలపురుషుడి మాట. కాబట్టి పట్టీని ఎవరు ముట్టుకుంటారు, ఎవరిని ముట్టనిస్తారు అన్నదే ఒక వాంగ్మూలం. పేర్లూ అంతే. చైనా సంప్రదాయంలో పుట్టినప్పుడు పెట్టిన పేరుతో పిలిచే హక్కు పెద్దలకు, బాగా దగ్గరివారికి ఉంటుంది. మిగతావారు పెద్దయ్యాక వచ్చే గౌరవనామం వాడాలి. అందరికీ లాన్ వాంగ్జీ అయినవాడిని వెయ్ వూష్యెన్ ‘లాన్ జాన్’ అంటాడు. అతడు ‘వెయ్ యింగ్’ అంటాడు. తెలుగులో ‘మీరు’ నుంచి ‘నువ్వు’కు మారినప్పుడు ఏం జరుగుతుందో ఇక్కడ అదే జరుగుతుంది. ఇంగ్లిష్ ఉపశీర్షికలతో చూసే తెలుగు ప్రేక్షకుడు తన భాషలోనే ఉన్న ఈ తేడాను మధ్యలోని భాష వల్ల పోగొట్టుకోవడం విచిత్రమే.

లాన్ వాంగ్జీ వీపు మీది 33 కొరడా మచ్చలు వెయ్ వూష్యెన్‌ను కాపాడబోయి సొంత పెద్దలను 33 మందిని గాయపరిచినందుకు పడిన శిక్ష. ఆ లెక్క అతడు చెప్పడు, అన్న లాన్ షీచెన్ చెబుతాడు. స్వర్ణ గుళిక సంగతి వెన్ నింగ్ చెప్పినట్టే. ఈ కథలో తన త్యాగం గురించి తానే చెప్పుకున్నవాడు దాదాపు లేడు.

యానిమేషన్ లాభం, నష్టం

బొమ్మల్లో గీసిన ముఖం నటుడి ముఖమంత సూక్ష్మంగా కదలదు. ఆ కొరతను దర్శకుడు వస్తువుల దగ్గరి దృశ్యాలతో, దుస్తుల రంగులతో పూరించడం చాలాచోట్ల లాభించింది. కానీ 35 చిన్న ఎపిసోడ్లలో ఇంత పెద్ద నవలను సర్దడం వల్ల ఉపకథలు నలిగిపోయాయి. గతం నుంచి వర్తమానానికి దూకేటప్పుడు, నవల చదవనివారికి ఏ సంవత్సరంలో ఉన్నామో తెలియని సందర్భాలు తక్కువేమీ కావు. నటీనటుల రూపంలో మరణానంతర విరామం 16 ఏళ్లు కావడం రెండూ చూసినవారిని ఇంకొంత తికమక పెడుతుంది. భారతదేశంలో 2020 నవంబరులో నిషేధించిన 43 యాప్‌లలో టెన్సెంట్‌వారి వీడియో యాప్ వీటీవీ కూడా ఉండడంతో, వరుసగా ఒకేచోట చూసే వీలు ఇక్కడివారికి తగ్గింది. ఆధారాలను ముందు చూపి అర్థాన్ని చివర చెప్పే కథను అక్కడక్కడ ముక్కలుగా చూస్తే మిగిలేది ఏడుపు ముఖాలే.

ముగింపు ఘట్టం జరిగేది గ్వాన్‌యిన్ ఆలయంలో. గ్వాన్‌యిన్ అంటే బౌద్ధుల అవలోకితేశ్వరుడే, చైనాలో స్త్రీరూపం పొందాడు. ఆ పేరుకు లోకపు మొరలు ఆలకించేది అని అర్థం. తలుపులు మూసిన ఆ మందిరంలో ప్రతి పాత్రా తన ఏళ్లనాటి మొరను వెళ్లగక్కుతుంది. ఆలకించవలసిన విగ్రహానికి మాత్రం ప్రతినాయకుడు జిన్ గ్వాంగ్‌యావ్ తన తల్లి ముఖం చెక్కించాడు. అక్కడే, పోరు మధ్యలో, వెయ్ వూష్యెన్‌కు వేణువు అవసరమవుతుంది. జ్యాంగ్ చెంగ్ తన దగ్గరి నుంచి ఒకటి తీసి అతడి వైపు విసురుతాడు. అది చెన్‌చింగ్, 13 ఏళ్ల కిందట యజమానితోపాటే పోయిందనుకున్న వేణువు. ద్వేషిస్తున్నానని ఊరంతా చాటినవాడు ఇన్నాళ్లూ దాన్ని తన దగ్గరే ఎందుకు దాచుకున్నాడని ఎవరూ అడగరు, అతడూ చెప్పడు. చెన్‌చింగ్ అన్న మాటకు చైనా భాషలో ‘మనసు విప్పి విన్నవించుకోవడం’ అని అర్థం.